ఐర్లాండ్ ఆర్కియాలజీ ఎక్కడ మొదలుపెట్టాలి? సెల్ట్‌లు, వైకింగ్‌లు తప్ప ఇంకేం తెలీదు

కొత్తగా_కార్క్‌లో:
అందరికీ నమస్తే. మాస్టర్స్ చదవడానికి కార్క్ వచ్చాను, నా సబ్జెక్ట్ డేటా అనలిటిక్స్, ఆర్కియాలజీకీ నాకూ ఏ చుట్టరికం లేదు. కానీ ఇక్కడ బస్సెక్కి ఊరు దాటితే చాలు, పొలం మధ్యలో ఒక నిలువు రాయి, ఇంకో పొలంలో గుండ్రంగా మట్టి గట్టు, ఇంకొంచెం దూరంలో కప్పు లేని చర్చి, వాటి చుట్టూ ఆవులు మేస్తుంటాయి, చాలావాటికి బోర్డు కూడా ఉండదు. దేనిది ఏ కాలమో, వాటి మధ్య తేడా వందేళ్ళా వేలేళ్ళా, చూస్తే ఏం తెలీదు.

నా బుర్రలో ఉన్న చరిత్ర ఇదీ: మొదట రాతియుగం వాళ్ళు, తర్వాత ఇనుము పట్టుకుని సెల్ట్‌లు వచ్చి అందర్నీ గెలిచారు, తర్వాత క్రైస్తవం తెచ్చిన సెయింట్ పాట్రిక్, తర్వాత ఉత్తర యూరప్ నుంచి ఓడల్లో వచ్చిన వైకింగ్‌లు, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళు, అక్కడితో ఆర్కియాలజీ అయిపోయి హిస్టరీ మొదలు. ఇది కరెక్టేనా? ఎక్కడ మొదలుపెడితే ఒక వరసలో అర్థమవుతుంది? లావు పుస్తకాలు వద్దు ప్లీజ్, వెళ్ళి చూడగలిగేవి చెప్పండి. ఇంకో మాట, మా రూమ్మేట్ చెరిసగం వేసుకుని మెటల్ డిటెక్టర్ కొందాం, వీకెండ్ పొలాల్లో తిరుగుదాం అంటున్నాడు, కొనొచ్చా?

రాళ్ళపిచ్చి:
డిటెక్టర్ ఆర్డర్ మాత్రం పెట్టకండి, దాని సంగతి కింద ఎవరో ఒకరు కచ్చితంగా చెప్తారు.

మీ వరసలో అన్నిటికంటే గట్టిగా తప్పింది సెల్ట్‌ల ముక్క. పెద్ద సైన్యం పడవల్లో దిగి దేశాన్ని ఆక్రమించింది అనడానికి తవ్వకాల్లో ఆధారమే లేదు, అలా జరిగుంటే తగలబడ్డ ఊళ్ళు, ఒక్కసారిగా మారిపోయిన ఇళ్ళు, కుండలు, సమాధులు కనపడాలి కదా, అవేవీ లేవు. కొత్త స్టైల్ నగిషీ పనితనం వచ్చింది, ఇనుము వచ్చింది, కానీ వాటిని మోసుకుని ఒక జాతి మొత్తం వచ్చిందని చెప్పలేం. దీని మీద 2015 చివర్లో మంచి డీఎన్‌ఏ పేపర్ వచ్చింది. ఉత్తరాన రాత్లిన్ దీవిలో 2006లో ఒక పబ్ వెనకాల స్థలం చదును చేస్తుంటే కంచుయుగపు మగాళ్ళ ఎముకలు బయటపడ్డాయి, దాదాపు 4000 ఏళ్ళ నాటివి. వాళ్ళ డీఎన్‌ఏ ఇప్పటి ఐరిష్, స్కాటిష్, వెల్ష్ వాళ్ళకి బాగా దగ్గరగా ఉంది. బెల్‌ఫాస్ట్ పక్కన బాలినహాటీలో దొరికిన అంతకంటే పాత రైతు స్త్రీది మాత్రం పూర్తిగా వేరే, ఆమె పూర్వీకుల మూలం మధ్యప్రాచ్యం వైపు. అంటే పెద్ద జనాభా మార్పు జరిగింది నిజమే, కానీ అది కంచుయుగం మొదట్లోనే అయిపోయింది, మనం సెల్ట్‌లు వచ్చారు అనుకునే ఇనుపయుగానికి వెయ్యేళ్ళకి పైగా ముందు. ఐరిష్ భాష సెల్టిక్ కుటుంబానిదే, దాంట్లో డౌటు లేదు, అది ఎప్పుడొచ్చిందన్న దాని మీదే ఇంకా కొట్టుకుంటున్నారు.

ఇక మొదట్నుంచి వస్తే, మంచుయుగం వల్ల ఇక్కడ మనిషి కథ యూరప్‌లో మిగతా చోట్లతో పోలిస్తే లేటు. చాలాకాలం అందరూ మౌంట్ శాండెల్ నుంచే మొదలుపెట్టేవాళ్ళు, కోల్‌రేన్ దగ్గర బాన్ నది ఒడ్డున ఉంటుంది, 1970ల్లో పీటర్ వుడ్‌మన్ తవ్వారు, క్రీ.పూ. 7700 ప్రాంతం. గుండ్రటి గుడిసెల గుంజల గుంటలు, సాల్మన్ చేప ముళ్ళు, అడవిపంది ఎముకలు, కాలిన హేజెల్‌నట్ తొక్కలు, అంతే, అక్కడ దొరికిన దాంట్లో గొప్పగా ఫొటో తీసుకునేది ఏమీ ఉండదు కానీ ఆ తొక్కల వల్లే కదా తేదీ తెలిసింది. తర్వాత 2016లో కథ వెనక్కి జరిగింది, క్లేర్ కౌంటీలో ఒక గుహలో 1903లో దొరికిన ఎలుగుబంటి మోకాలి చిప్ప మ్యూజియం అట్టపెట్టెలో దశాబ్దాలు పడుంది, మేరియన్ డౌడ్, రూత్ కార్డెన్ దాన్ని బయటికి తీసి టెస్ట్ చేయిస్తే దాని మీద కత్తి గాట్లు 12,500 ఏళ్ళ నాటివని తేలింది. ఒక్క ఎముకతో 2500 ఏళ్ళు అదనంగా వచ్చిపడ్డాయి!

వ్యవసాయం క్రీ.పూ. 3800కి కాస్త అటూఇటూ మొదలు, పెద్ద రాతి సమాధులన్నీ ఆ తర్వాతివి. మీకు నిజంగా ఆ కాలం రైతుని చూడాలనుంటే న్యూగ్రేంజ్ అనే పేరున్న రాతి సమాధి కంటే ముందు మేయో కౌంటీలో కేజ్ ఫీల్డ్స్ చూడమంటాను. అక్కడ 1930ల్లో పాట్రిక్ కాల్‌ఫీల్డ్ అనే బడి పంతులు పొయ్యిలోకి పీట్ (తడి నేలలో పేరుకున్న, ఎండబెట్టి కాల్చుకునే మట్టి) కోస్తుంటే అడుగున రాళ్ళ వరసలు తగిలాయి, ఆ వరసలు తిన్నగా పోతున్నాయి, వాటి మీద మీటర్ల మందాన పీట్ పెరిగుంది, అంటే పీట్ పుట్టకముందే ఎవరో కట్టారన్నమాట. కొడుకు షేమస్ ఆర్కియాలజిస్ట్ అయ్యి పొడుగాటి ఇనుప చువ్వలు పీట్‌లో దించి, ఎక్కడ టక్కుమంటే అక్కడ గుర్తు పెట్టుకుంటూ, కిలోమీటర్ల కొద్దీ పొలం గోడల మ్యాప్ గీశాడు. తవ్వకుండా గీసిన మ్యాప్ అది. ఆ గోడలు 5000 ఏళ్ళకి పైబడినవని ఎక్కువమంది అంటారు, కాదు ఇంకా తర్వాతివి అని వాదించేవాళ్ళూ ఉన్నారు.

గట్టుమీదోడు:
నువ్వు కార్క్ల చూసిన గుండ్రటి మట్టి గట్టు చాలావరకు రింగ్‌ఫోర్టే అయ్యుంటది తమ్మీ. ఫోర్ట్ అంటే కోట అనుకునేవు, కాదు, ఒక రైతు కుటుంబం ఇల్లు, గొడ్లు బయటికి పోకుండ, దొంగలు లోపల్కి రాకుండ చుట్టూ గట్టు, కందకం. క్రీ.శ. 600 నుంచి 900 నడుమ కట్టినయే ఎక్కువ. దేశం మొత్తం మీద నలభై అయిదు వేల దాకా లెక్క పెట్టిన్రు. ఇన్ని ఎట్ల మిగిలినయ్ అంటే చట్టం వల్ల కాదు, భయం వల్ల. అవి ఫెయిరీల ఇండ్లు, దున్నితే గొడ్డు చస్తది, ఇంట్ల పోరగాళ్ళకి జ్వరమొస్తది అని తాతల కాలం నుంచి నమ్మకం, అందుకే నాగలి చుట్టూ తిరిగి పోయింది గని లోపల్కి పోలే. 1999ల క్లేర్‌ల లాటూన్ దగ్గర కొత్త రోడ్డుకి ఒక ఫెయిరీ చెట్టు అడ్డమొస్తే పెద్ద లొల్లి అయ్యి, ఆఖరికి చెట్టుని ఉంచేసి రోడ్డు పని చేసిన్రు. నవ్వకు, ఆ నమ్మకం లేకుంటే ఆ గట్లల్ల సగం ఎప్పుడో ట్రాక్టర్ కింద పోయేవి.

బురదలో_బంగారం:
పైన రాళ్ళపిచ్చి గారు రాళ్ళే చెప్పారు, నేను బురద గురించి చెప్తాను, ఎందుకంటే నా దృష్టిలో ఐర్లాండ్ ఆర్కియాలజీని మిగతా దేశాల నుంచి వేరు చేసేది బాగ్ నేలలే. నాచు చచ్చి, కుళ్ళకుండా, వేల ఏళ్ళుగా పేరుకుంటూ పోయిన తడి నేల అది, లోపల గాలి ఆడదు, ఆమ్లం ఎక్కువ, దాంతో ఎముక కరిగిపోతుంది కానీ చర్మం, జుట్టు, తోలు, చెక్క నిలిచిపోతాయి. మామూలు నేలలో సరిగ్గా ఉల్టా జరుగుతుంది కదా. అందుకే వేరే చోట్ల దొరకని సరుకు ఇక్కడ దొరుకుతుంది, చెక్క గిన్నెల్లో దాచిన వెన్న ముద్దలు వందల కొద్దీ దొరికాయి.

2003లో కొన్ని నెలల తేడాతో ఇద్దరు మనుషులు బయటపడ్డారు, మీత్ కౌంటీలో క్లోనీకేవన్ మ్యాన్, ఆఫలీ కౌంటీలో ఓల్డ్ క్రోగన్ మ్యాన్, ఇద్దరూ క్రీ.పూ. 400, 200 మధ్య చంపబడ్డవాళ్ళు. క్లోనీకేవన్ వాడి జుట్టుకి రాసుకున్న జిగురులో ఫ్రాన్స్ నైరుతి లేదా స్పెయిన్ వైపు నుంచి వచ్చిన చెట్టు బంక ఉంది, అంటే హెయిర్ జెల్ ఇంపోర్టెడ్. ఓల్డ్ క్రోగన్ వాడికి తల లేదు, నడుం కింద భాగం లేదు, అయినా చేతుల పొడవుని బట్టి ఆరడుగుల ఆరంగుళాల మనిషని లెక్కేశారు, గోళ్ళు చూస్తే ఒళ్ళొంచి పని చేసినవాడిలా లేడు, రెండు చేతులకీ చిల్లులు పొడిచి హేజెల్ కొమ్మలు దూర్చారు. నేషనల్ మ్యూజియంలో పనిచేసిన ఎమన్ కెల్లీ థియరీ ఏంటంటే ఇలాంటి శవాలు పాత రాజ్యాల సరిహద్దుల్లో దొరుకుతున్నాయి, కాబట్టి విఫలమైన రాజుల్నో, రాజు కాబోయేవాళ్ళనో బలిచ్చి సరిహద్దులో పెట్టారని. నాకు ఆ థియరీ నచ్చుతుంది కానీ పూర్తిగా నమ్మను, సరిహద్దులు మనకి తెలిసింది ఎన్నో వందల ఏళ్ళ తర్వాతి రాతల నుంచి, వాటిని వెనక్కి లాక్కెళ్ళి ఇనుపయుగానికి అంటించడం కాస్త ధైర్యమే.

థియరీలతో పనిలేని గట్టి తేదీ కావాలంటే కార్లియా చూడండి, లాంగ్‌ఫర్డ్ కౌంటీ. పీట్ తీస్తుంటే 1984లో ఓక్ పలకలు బయటపడ్డాయి, బ్యారీ రాఫ్టరీ తవ్వితే అది ఒక కిలోమీటరు దాకా సాగిన చెక్క రోడ్డు, మూడు నాలుగు మీటర్ల వెడల్పు. చెట్టు వలయాలు లెక్కపెట్టి ఆ చెట్లు నరికింది క్రీ.పూ. 148లో అని తేల్చారు. చిన్న ఊరు పని కాదు అది, వందల చెట్లు నరకాలి, లాగాలి, చీల్చాలి. కట్టిన కొన్నేళ్ళకే బరువుకి బురదలో దిగిపోయింది పాపం, అలా దిగిపోవడం వల్లే మనకి మిగిలింది. ఇంకోటి ఉత్తరాన నేవన్ ఫోర్ట్, అక్కడ 40 మీటర్ల అడ్డుకొలతతో గుండ్రంగా గుంజలు పాతి కట్టారు, మధ్య స్తంభం క్రీ.పూ. 95 ప్రాంతంలో నరికిన చెట్టు, కట్టాక లోపలంతా రాళ్ళు నింపి తగలబెట్టి మీద మట్టి పోశారు. అంత కష్టపడి కట్టి కాల్చడం ఎందుకో ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు. అక్కడే ఉత్తర ఆఫ్రికా కోతి పుర్రె కూడా దొరికింది!

రోమన్లు బ్రిటన్‌ని పట్టుకున్నారు కానీ ఐర్లాండ్‌ని పాలించలేదు, కాబట్టి ఇక్కడ రోమన్ యుగం అని ఒక గడి ఉండదు, ఇనుపయుగం సాగి సాగి నేరుగా క్రైస్తవం రోజుల్లోకి వచ్చేస్తుంది. మీరు బ్రిటన్ టైమ్‌లైన్ చదివి దాన్ని ఇక్కడ అతికిస్తే కుదరదు.

కొత్తగా_కార్క్‌లో:
అబ్బ, అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. రెండు డౌట్లు. న్యూగ్రేంజ్ ఫొటోల్లో ముందు తెల్లటి గోడ తళతళలాడుతుంటుంది కదా, 5000 ఏళ్ళ గోడ అంత కొత్తగా ఎలా ఉంది? రెండోది, వైకింగ్‌ల తర్వాత కాలానికి కూడా తవ్వుతారా, కాగితాలు ఉన్నాక తవ్వాల్సిన అవసరమేంటి? డిటెక్టర్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు, రూమ్మేట్ కార్ట్‌లో పెట్టేశాడు.

రాళ్ళపిచ్చి:
కొత్తగా ఉందంటే కొత్తదే కాబట్టి 😀 సమాధి క్రీ.పూ. 3200 నాటిది, ఆ గోడ నిలబెట్టింది మాత్రం మైకేల్ ఓ'కెల్లీ టీమ్ 1962 నుంచి 1975 దాకా తవ్వినప్పుడు. తెల్ల క్వార్ట్జ్ రాళ్ళు ముందు నేల మీద కుప్పగా పడి ఉన్నాయి, అవి గోడ కూలి పడ్డవే అని ఆయన లెక్క, సరే అని వెనక కాంక్రీట్ పోసి నిటారుగా నిలబెట్టారు. కాంక్రీట్ లేకుండా అంత నిటారు గోడ నిలబడేదా అన్నది అప్పట్నుంచీ గొడవే. పక్కనే నౌత్‌లో జార్జ్ ఓగన్ నలభై ఏళ్ళకి పైగా తవ్వారు, అక్కడ కూడా క్వార్ట్జ్ దొరికింది, ఆయన దాన్ని నేల మీదే పరిచి వదిలేశారు. ఒకే కాలం, ఒకే లోయ, ఒకే రాయి, ఇద్దరు రెండు రకాలుగా చదివారు. రెండూ ఒకే రోజు చూస్తే ఆ తేడా కళ్ళకి కడుతుంది, నాకైతే నౌత్ పద్ధతే నిజాయితీగా అనిపిస్తుంది.

కానీ ఓ'కెల్లీకి ఒక విషయంలో దండం పెట్టాలి. గుమ్మం పైన చిన్న కిటికీ లాంటి ఖాళీ ఎందుకుందో తెలీక, ఊళ్ళోవాళ్ళు సూర్యుడు లోపలికొస్తాడని చెప్పుకునే మాట పట్టుకుని, 1967 డిసెంబర్ 21న తెల్లారకముందే ఒక్కడే లోపల కూర్చున్నాడు, 19 మీటర్ల దారి దాటుకుని వెలుగు లోపలి గది దాకా వచ్చింది, 17 నిమిషాలు ఉంది. ఇప్పుడు ఆ పొద్దున లోపల ఉండాలంటే లాటరీకి అప్లై చేయాలి, అదృష్టం ఉండాలి, ఆ రోజు మబ్బు పట్టకుండా ఇంకో అదృష్టం ఉండాలి.

లోపల దొరికిన ఒక పుర్రె ముక్క డీఎన్‌ఏలో తల్లిదండ్రులు అన్నాచెల్లెళ్ళో, కన్నవాళ్ళూ పిల్లలో అయ్యుంటారని 2020లో తేలింది, వెంటనే పేపర్లన్నీ దేవుడిలాంటి రాజవంశం అని రాసేశాయి. ఆ తర్వాత ఇంకొందరు పరిశోధకులు ఒక్క ఎముక ముక్క పట్టుకుని రాజవంశం కట్టడం కుదరదన్నారు, నేను వాళ్ళ వైపే.

లిఫీ_ఒడ్డు:
చివరి కాలం గురించి నేను చెప్తాను. కాగితాలు ఉన్నాక తవ్వడం ఎందుకని అడిగావు కదమ్మా/కదయ్యా, కాగితాలు ఎవరు రాశారో చూడు, జవాబు అక్కడే ఉంది. కిల్‌కెన్నీలో షాపింగ్ సెంటర్ కట్టే ముందు 2005లో పాత వర్క్‌హౌస్ (దిక్కులేని పేదల్ని ఉంచే చోటు) ఆవరణలో సామూహిక సమాధులు బయటపడ్డాయి, కరువు రోజులవి, 1847 నుంచి 1851 మధ్య పూడ్చినవి. దాదాపు 970 మంది, సగానికి పైగా పిల్లలు. వర్క్‌హౌస్ రికార్డుల్లో ఇంతమంది పోయారని అంకెలుంటాయి, ఆ గుంటల గురించి మాత్రం ఊరే మర్చిపోయింది. ఎముకల మీద స్కర్వీ జాడలు చాలామందికి ఉన్నాయి, ఎందుకంటే వాళ్ళకి విటమిన్ సి వచ్చేదే బంగాళాదుంప నుంచి, తెగులుకి దుంప పోయింది, బదులు పెట్టిన మొక్కజొన్న గంజిలో అది లేదు. ప్రతి ఒక్కర్నీ పెట్టెలో పెట్టే పూడ్చారు, అంత చావులోనూ. ఇవి ఏ రిజిస్టర్ చెప్తుంది? పరిశోధన అయ్యాక 2010లో మళ్ళీ మర్యాదగా ఖననం చేశారు.

డబ్లిన్‌లో అయితే వుడ్ కీ అనే చోటు కథ తెలుసుకోవాలి. వైకింగ్‌లు 841లో ఇక్కడ మకాం వేశారు, వాళ్ళ ఊరు లిఫీ నది ఒడ్డున తడి మట్టిలో అలాగే ఉండిపోయింది, ఇళ్ళు, తడికల కంచెలు, చెక్క దారులు, దువ్వెనలు. 1970ల్లో కార్పొరేషన్ సరిగ్గా దాని నెత్తినే ఆఫీసులు కడతామంది. ఎఫ్.ఎక్స్. మార్టిన్ అనే చరిత్ర ప్రొఫెసర్ కోర్టుకెళ్ళాడు, 1978 సెప్టెంబర్‌లో 20,000 మంది ఊరేగింపు చేశారు, 1979లో జనం సైట్ లోపలే బైఠాయించారు. అయినా ఆఫీసులు లేచాయి. పాట్ వాలెస్ టీమ్‌కి తవ్వడానికి కాస్త టైమ్ మాత్రం దక్కింది, ఆ టైమ్‌లో తీసినవే ఇప్పుడు కిల్డేర్ స్ట్రీట్ మ్యూజియంలో చూస్తున్నాం, ఆ మ్యూజియం టికెట్ లేకుండా ఫ్రీ. ఓడిపోయారనే అనాలి, కానీ తర్వాత రోడ్డు వేసినా బిల్డింగ్ కట్టినా ముందు ఆర్కియాలజిస్ట్‌ని పిలవాలన్న ఒత్తిడి ఆ గొడవ వల్లే పెరిగింది. 2000ల్లో మోటర్‌వేలు వేస్తున్నప్పుడు బయటపడ్డన్ని సైట్లు అంతకుముందు ఎప్పుడూ పడలేదు, టారా కొండ దగ్గర ఎం3 రోడ్డు దారిలో లిస్మలిన్ అనే ఇనుపయుగపు గుంజల వలయం కూడా అలాగే 2007లో దొరికింది, రికార్డు రాసుకుని రోడ్డు వేసేశారు.

ఇక డిటెక్టర్. కార్ట్‌లోంచి తీసేయమను. ఇక్కడ, అంటే ఐర్లాండ్ రిపబ్లిక్‌లో, 1987 చట్టం నుంచి పర్మిషన్ లేకుండా పాత వస్తువుల కోసం డిటెక్టర్‌తో వెతకడం నేరం, పొలం యజమాని సరే అన్నా కుదరదు. దీని వెనకాల కేసు ఉంది, 1980లో టిప్పరరీలో డెరినాఫ్లన్ అనే పాత మఠం దగ్గర ఒక తండ్రీకొడుకులు డిటెక్టర్‌తో వెతికితే వెయ్యేళ్ళకి పైబడ్డ వెండి చాలిస్ (చర్చి పూజలో వాడే పాత్ర), పళ్ళెం దొరికాయి, అది సుప్రీం కోర్టు దాకా వెళ్ళి, యజమాని తెలియని పురావస్తువు ప్రభుత్వానిదే అన్నారు, 1994లో దాన్నే చట్టంలో రాశారు. నడుస్తుంటే కాలికి ఏదైనా తగిలితే తియ్యకు, కడగకు, ఫొటో తీసుకుని నేషనల్ మ్యూజియంకి చెప్పు, చట్టంలో 96 గంటలు అని ఉంది. ఉత్తర ఐర్లాండ్ యూకే కింద కాబట్టి అక్కడ చట్టం వేరే, అక్కడైనా తెలుసుకోకుండా తవ్వితే బుక్కవుతారు.

కొత్తగా_కార్క్‌లో:
కార్ట్‌లోంచి తీయించేశా అండి, థ్యాంక్స్ (కదయ్యా 🙂). ఇంత చదివాక న్యూగ్రేంజ్ ఎటూ వెళ్తా, కానీ కార్క్ నుంచి దూరం కదా, ముందు ఇటు దగ్గర్లో ఏమన్నా?

బురదలో_బంగారం:
కార్క్‌లో ఉండి దగ్గర్లో ఏమన్నా అంటావేంటి బాబూ. యూనివర్సిటీ కాలేజ్ కార్క్ పాత బిల్డింగ్‌లో స్టోన్ కారిడార్ ఉంటుంది, అంచుల మీద గీతలు చెక్కిన ఓఘం రాళ్ళు వరసగా నిలబెట్టారు, పైసా కట్టక్కర్లేదు. ఐరిష్ భాషలో మనకి దొరికే మొదటి రాత అదే, చాలావరకు ఫలానావాడి కొడుకు ఫలానా అని పేర్లే ఉంటాయి.

తర్వాత గ్లండోర్ దగ్గర డ్రాంబెగ్ రాతి వలయం, కంచుయుగంది, డిసెంబర్‌లో పొద్దుగూకే వైపు తిరిగుంటుంది. అందరూ వలయంతో ఫొటో దిగి వెళ్ళిపోతారు, నువ్వు అలా చేయకు, పక్కనే కాస్త దూరంలో ఫులాక్ట్ ఫియా అనే వంట గుంట ఉంది. రాళ్ళు ఎర్రగా కాల్చి నీళ్ళ తొట్టిలో వేస్తే నీళ్ళు మరుగుతాయి. ఓ'కెల్లీ 1950ల్లో ఇదే కౌంటీలో బాలివోర్నీలో ఇలాంటిదే చేసి చూశాడు, అరగంటకి కాస్త అటూఇటూలో నీళ్ళు మరిగాయి, గడ్డిలో చుట్టిన మటన్ కాలు 3 గంటల 40 నిమిషాల్లో ఉడికింది, తిన్నారు కూడా. ఇలాంటివి దేశంలో వేలల్లో ఉన్నాయి, వంటకేనా, స్నానానికా, తోళ్ళ పనికా అన్నది తేలలేదు, గాల్వేలో ఇద్దరు ఆర్కియాలజిస్టులైతే బీరు కాచి చూపించారు.

ఓపికుంటే ట్రైన్‌లో కిల్లార్నీ వెళ్ళి సరస్సు ఒడ్డున రాస్ ఐలాండ్ రాగి గని చూడు, క్రీ.పూ. 2400 నుంచి తవ్విన గని, ఐర్లాండ్‌లో లోహం కథ మొదలైంది అక్కడే. వెళ్ళే ముందు నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్ వాళ్ళ ఆన్‌లైన్ మ్యాప్ తెరువు, ఫ్రీనే, మీ బస్సు రూట్ మీద జూమ్ చేస్తే నువ్వు చూసిన ప్రతి రాయికీ, ప్రతి గట్టుకీ ఒక ఎర్ర చుక్క ఉంటుంది, నొక్కితే ఏ రకమో చెప్తుంది. పొలం ప్రైవేటుదైతే రైతుని అడిగి లోపలికి వెళ్ళు, గేటు మూసి రా, ఎద్దు ఉంటే అసలు వెళ్ళకు.